సీఓపీడీకి కాంబినేషన్ ఇన్‌హేలర్ రాసేటప్పుడు: లోపలున్న ప్రతి మందుకూ ఒక కారణం

సీఓపీడీ (శ్వాసనాళాలు శాశ్వతంగా ఇరుకైపోయే దీర్ఘకాల ఊపిరితిత్తుల జబ్బు) రోగికి కాంబినేషన్ ఇన్‌హేలర్ రాసే వైద్యులు చీటీ మీద ఒక్క పేరే రాసినా, ఆ రోగి ఊపిరితిత్తుల్లోకి రెండు లేదా మూడు మందులను రోజూ, చాలాసార్లు జీవితాంతం, పంపుతున్నారు. అందుచేత ఆ ఇన్‌హేలర్ ఎందుకు రాశారని అడిగితే ఒక్క జవాబు చాలదు. అందులోని ప్రతి మందుకూ విడిగా కారణం చెప్పగలగాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో, చిన్న క్లినిక్‌లలో, జిల్లా ఆసుపత్రుల ఓపీల్లో ఆయాసం రోగులను చూసే యువ వైద్యుల కోసం ఈ వ్యాసం రాస్తున్నాను. రోగులు, వారి ఇంటివారు చదివినా మంచిదే. డాక్టరుగారిని ఏమి అడగాలో తెలుస్తుంది. అయితే దీన్ని చదివి ఎవరూ తమంతట తాము మందు మార్చుకోకూడదు, ఆపకూడదు.

ఈ ఇన్‌హేలర్లలో ఉండే మందులు మూడు తరగతులవి. ఫార్మోటెరాల్, సాల్మెటెరాల్, ఇండకటెరాల్, విలాంటెరాల్ వంటివి లాబా తరగతి. ఇవి శ్వాసనాళాల కండరాన్ని ఎక్కువ సేపు వదులుగా ఉంచుతాయి. టయోట్రోపియం, గ్లైకోపైరోనియం, యుమెక్లిడినియం లామా తరగతి. ఇవి వేరే దారిలో అదే పని చేస్తాయి కాబట్టి రెండూ కలిస్తే ఫలితం పెరుగుతుంది. బుడెసోనైడ్, ఫ్లూటికసోన్, బెక్లోమెథసోన్ పీల్చే స్టెరాయిడ్లు. సీఓపీడీలో మొదటి రెండు తరగతులు దాదాపు అందరికీ ఉపయోగపడతాయి. మూడోది మాత్రం కొందరికి ప్రాణం నిలబెట్టేంత మేలు, మరికొందరికి న్యుమోనియా తెచ్చేంత కీడు చేస్తుంది. నిర్ణయం కష్టమయ్యేది ఈ మూడోదాని దగ్గరే.

ముందు రోగం తేల్చుకోవాలి

స్పైరోమెట్రీ (ఊపిరి ఊదించి కొలిచే పరీక్ష) లేకుండా సీఓపీడీ అని ముద్ర వేయకూడదు. శ్వాసనాళాలను వదులుచేసే మందు ఇచ్చిన తర్వాత కూడా ఎఫ్‌ఈవీ1 (మొదటి సెకనులో ఊదిన గాలి), ఎఫ్‌వీసీ (మొత్తం ఊదిన గాలి)ల నిష్పత్తి 0.7 కంటే తక్కువగా ఉంటేనే ఆ పేరు పెట్టాలి. మీ కేంద్రంలో యంత్రం లేకపోతే చికిత్స మొదలుపెట్టినా, దగ్గరి జిల్లా ఆసుపత్రిలోనో వైద్య కళాశాలలోనో పరీక్ష చేయించుకొమ్మని చీటీ మీదే రాసి పంపాలి. పొగ తాగరు కదా అని ఆడవారిని వదిలేయకూడదు. ఏళ్ల తరబడి కట్టెల పొయ్యి ముందు కూర్చున్నవారు మన ఓపీల్లో ఎంతోమంది ఉంటారు. ఉత్తర కోస్తాలో, ముఖ్యంగా శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల్లో, నిప్పు ఉన్న కొసను నోట్లో పెట్టుకుని అడ్డచుట్ట కాల్చే పెద్దవయసు స్త్రీలు ఇప్పటికీ ఉన్నారు. "పొగ తాగుతారా?" అని అడిగితే లేదనే చెబుతారు, చుట్ట సంగతి విడిగా అడగాలి.

ఉబ్బసం ఉందేమో చూడడం రెండో పని. దీనికి కారణం బలమైనది. ఉబ్బసం ఉన్నవారికి స్టెరాయిడ్ లేకుండా లాబా ఇస్తే ప్రాణాపాయం పెరగవచ్చు. 2006లో వెలువడిన స్మార్ట్ అధ్యయనంలో సాల్మెటెరాల్ వాడినవారిలో శ్వాస సంబంధ మరణాలు ఎక్కువగా కనిపించాయి. చిన్నప్పటి నుంచి పిల్లికూతలు, ముక్కు అలర్జీ, తెల్లవారుజామున పెరిగే ఆయాసం, కొన్ని రోజులు పూర్తిగా బాగుండి మళ్లీ పట్టుకోవడం వంటివి ఉంటే స్టెరాయిడ్ తప్పనిసరి. మందు తర్వాత ఎఫ్‌ఈవీ1 200 మిల్లీలీటర్లు, 12 శాతం పెరగడం సీఓపీడీలోనూ కనిపిస్తుంది కాబట్టి అంతమాత్రాన ఏదీ తేలదు. 400 మిల్లీలీటర్లు దాటితే మాత్రం ఉబ్బసం అనుమానం గట్టిపడుతుంది.

మూడోది క్షయ. రెండు వారాలకు మించి దగ్గు, జ్వరం, బరువు తగ్గడం, తెమడలో రక్తం, వీటిలో ఏది ఉన్నా ఎక్స్‌రే, తెమడ పరీక్ష పూర్తయ్యే వరకు స్టెరాయిడ్ ఉన్న ఇన్‌హేలర్ మొదలుపెట్టకపోవడం మంచిది. ఎప్పుడో టీబీ వచ్చి నయమైన ఊపిరితిత్తి కూడా స్పైరోమెట్రీలో సీఓపీడీలాగే కనిపించవచ్చు. అటువంటివారికి అలవాటుగా స్టెరాయిడ్ రాయడం నాకు అత్యంత ఆందోళన కలిగించే పద్ధతి, ఎందుకంటే పీల్చే స్టెరాయిడ్ వాడేవారిలో, అందులోనూ పెద్ద మోతాదు వాడేవారిలో, క్షయ ముప్పు ఎక్కువని పలు పరిశీలనా అధ్యయనాలు సూచించాయి.

ఏ కలయిక, ఎవరికి

సీఓపీడీ చికిత్సకు అంతర్జాతీయ మార్గదర్శకమైన గోల్డ్ నివేదిక 2023 నుంచి రోగులను ఏ, బీ, ఈ అని మూడు గుంపులుగా చూస్తోంది. ఆయాసం ఎక్కువగా ఉండి దాడులు (జబ్బు ఒక్కసారిగా ముదరడం) లేనివారికి (బీ), తరచుగా దాడులు వచ్చేవారికి (ఈ) కూడా మొదటి ఎంపిక లాబా, లామా కలిసిన ఇన్‌హేలరే. దాడులు వచ్చేవారిలో రక్తంలో ఇయోసినోఫిల్స్ అనే తెల్లకణాలు మైక్రోలీటరుకు 300 లేదా అంతకంటే ఎక్కువ ఉంటే మొదటి నుంచే మూడు మందుల కలయికను ఆలోచించవచ్చు. లక్షణాలు తక్కువగా ఉన్నవారికి (ఏ) శ్వాసనాళాలను వదులుచేసే మందు (బ్రాంకోడైలేటర్) ఒక్కటి సరిపోతుంది. వారికి కాంబినేషన్ అవసరమే లేదు.

మన దగ్గర మాత్రం ఆయాసం అనగానే చేతికి వచ్చే పేరు స్టెరాయిడ్, లాబా కలిసినదే. ఫోరాకోర్ట్, సెరోఫ్లో వంటివి ఆ జాతివి. ఉబ్బసంలో అవి వెన్నెముక వంటి మందులు. సీఓపీడీలో అవే రాయడాన్ని గోల్డ్ నివేదిక ఇప్పుడు ప్రోత్సహించడం లేదు. స్టెరాయిడ్ నిజంగా అవసరమైతే లామాను కూడా చేర్చి మూడూ ఇవ్వాలనీ, అవసరం లేకపోతే లాబా, లామా మాత్రమే ఇవ్వాలనీ అది చెబుతోంది. దీని వెనుక గట్టి ఆధారాలున్నాయి. 2016లో వచ్చిన ఫ్లేమ్ అధ్యయనంలో ఇండకటెరాల్, గ్లైకోపైరోనియం వాడినవారికి సాల్మెటెరాల్, ఫ్లూటికసోన్ వాడినవారికంటే దాడులు తక్కువగా వచ్చాయి. 2018 నాటి ఇంపాక్ట్, 2020 నాటి ఈథోస్ అధ్యయనాల్లో, అప్పటికే దాడులు పడుతున్న రోగుల్లో, మూడు మందుల కలయిక రెండు మందుల కలయికల కంటే దాడులను బాగా తగ్గించింది. అయితే మూడు మందులు అందరికీ మంచివని దీని అర్థం కాదు. దాడులే లేని రోగికి ఆ లాభం దక్కదు, స్టెరాయిడ్ నష్టం మాత్రం మిగులుతుంది.

ఆ నష్టం ఎంతో 2007 నాటి టార్చ్ అధ్యయనం చూపించింది. మూడేళ్లలో న్యుమోనియా వచ్చినట్టు నమోదైనవారు ఉత్తుత్తి మందు (ప్లాసిబో) గుంపులో 12.3 శాతం ఉంటే, సాల్మెటెరాల్, ఫ్లూటికసోన్ కలిపి వాడిన గుంపులో 19.6 శాతం ఉన్నారు. వయసు 55 దాటినవారు, సన్నగా ఉన్నవారు, ఇంకా పొగ తాగుతున్నవారు, ఇంతకుముందు న్యుమోనియా వచ్చినవారు ఎక్కువ ప్రమాదంలో ఉంటారు. మన పల్లెల నుంచి వచ్చే సీఓపీడీ రోగిని ఒకసారి కళ్ల ముందు ఊహించుకుంటే ఈ జాబితాలోని చాలా అంశాలు ఆయనలోనే కనిపిస్తాయి.

ఇయోసినోఫిల్ లెక్కకు కొత్త పరీక్ష అక్కర్లేదు. రోగి చేతిలో ఉన్న సీబీపీ (రక్తకణాల లెక్క) రిపోర్టులోనే అది దాగి ఉంటుంది. మొత్తం తెల్లకణాలు 8,000, అందులో ఇయోసినోఫిల్స్ 4 శాతం అని ఉంటే సంఖ్య 320. దాడులు పడుతున్న రోగిలో 300, ఆపైన ఉంటే స్టెరాయిడ్ మేలు చేసే అవకాశం ఎక్కువ. 100 కంటే తక్కువ ఉంటే మేలు దాదాపు ఉండదు, కీడే ఎక్కువ. ఈ రెంటి మధ్య ఉంటే దాడుల చరిత్ర చూసి నిర్ణయించాలి. ఇక్కడ రెండు జాగ్రత్తలు చెప్పాలి. దాడి సమయంలో ప్రెడ్నిసొలోన్ బిళ్లలో, ఊళ్లో వేయించుకున్న డెక్సామెథసోన్ ఇంజెక్షనో ఆ సంఖ్యను పడగొడుతుంది కాబట్టి, రోగి కుదురుగా ఉన్నప్పటి రిపోర్టే నమ్మదగినది. రెండోది, మన ప్రాంతంలో పేగుల్లోని పురుగులు ఈ సంఖ్యను పెంచుతాయి. సంఖ్య 3,000 దాటి, రాత్రిపూట దగ్గు, పిల్లికూతలు ఉంటే ఫైలేరియా వల్ల వచ్చే ట్రాపికల్ ఇయోసినోఫిలియాను గుర్తు చేసుకోవాలి. దానికి మందు ఇన్‌హేలర్ కాదు, ఫైలేరియాకు ఇచ్చే డీఈసీ.

స్టెరాయిడ్ ఇవ్వాలని తేలాక దాని మోతాదును పెంచుకుంటూ పోవలసిన అవసరం లేదు. ఈథోస్‌లో బుడెసోనైడ్ సగం మోతాదు పొందినవారిలోనూ దాడులు దాదాపు అంతే తగ్గాయి.

రోగి ఒంట్లో, రోగి సంచిలో ఇంకేమున్నాయి

చీటీ రాసే ముందు రోగి వాడుతున్న మందులన్నీ, కంటి చుక్కలతో సహా, ఒక సంచిలో వేసుకుని తెమ్మని చెప్పాలి. అవి బల్ల మీద పరిస్తే తరచుగా మొదట కనిపించేది ఒకే తరగతి మందు రెండు పేర్లతో ఉండడం. ఒక ఆసుపత్రిలో ఇచ్చిన ఫార్మోటెరాల్ ఇన్‌హేలర్, మరొక చోట రాసిన సాల్మెటెరాల్ ఇన్‌హేలర్ రెండూ పొద్దున సాయంత్రం పీల్చేవారు ఉంటారు. అంటే రోజూ రెండు లాబాలు. టయోట్రోపియం వాడుతూనే, రోజూ ఇంట్లో లెవోసాల్‌బ్యుటమాల్, ఇప్రాట్రోపియం కలిసిన డుయోలిన్‌తో నెబులైజర్ పెట్టుకునేవారిలో ఒకే తరహా మందు రెండింతలు అవుతుంది. డుయోలిన్, డుయోవా పేర్లు వినడానికి దగ్గరగా ఉన్నా మొదటిది తక్కువ సేపు పనిచేసే మందుల జంట, రెండోది టయోట్రోపియం, ఫార్మోటెరాల్ జంట. ఫోనులో చెప్పించుకుని కొనుక్కునేటప్పుడు ఇవి తారుమారు కావచ్చు.

కంటి చుక్కల సంగతి ప్రత్యేకంగా చెప్పడానికి కారణం టిమొలాల్. గ్లకోమాకు వాడే ఈ చుక్క శరీరంలోకి ఇంకి శ్వాసనాళాలను బిగించగలదు, లాబా పనిని చెడగొట్టగలదు. ప్రొప్రనొలాల్ కూడా అంతే. ఆయాసం వచ్చినప్పుడు వాడే సాల్‌బ్యుటమాల్ ఎక్కువై చేతులు వణుకుతున్న రోగికి ఆ వణుకు తగ్గడానికి ప్రొప్రనొలాల్ రాస్తే, మందు తెచ్చిన ఇబ్బందికి ఆయాసం తెచ్చే మరో మందు రాసినట్టవుతుంది. దీనికి భయపడి గుండె జబ్బుకు అవసరమైన, అదే జాతికి చెందిన బైసొప్రొలాల్, మెటొప్రొలాల్ ఆపడం కూడా తప్పే. అవి ప్రధానంగా గుండె మీద పనిచేస్తాయి, సీఓపీడీలో జాగ్రత్తగా వాడవచ్చు.

స్టెరాయిడ్ విషయంలో తప్పకుండా అడగవలసినది తామర మందు. గజ్జి, తామర అని నెలల తరబడి ఇట్రాకొనజోల్ వాడుతున్నవారు ఇప్పుడు ప్రతి ఊళ్లోనూ కనిపిస్తారు, అది కూడా ఒక మందేనని వైద్యుడికి చెప్పాలని వారికి తోచదు. ఇట్రాకొనజోల్ కాలేయంలో బుడెసోనైడ్, ఫ్లూటికసోన్ విచ్ఛిన్నం కావడాన్ని అడ్డుకుంటుంది. పీల్చిన కొద్దిపాటి స్టెరాయిడ్ రక్తంలో పేరుకుని ముఖం ఉబ్బడం, షుగర్ పెరగడం, శరీరానికి సొంత స్టెరాయిడ్ తయారుచేసే అడ్రినల్ గ్రంథి మొద్దుబారడం వరకు వెళ్లవచ్చు. హెచ్ఐవీ చికిత్సలోని రిటోనవిర్‌తో ఈ ప్రమాదం మరింత తీవ్రం. అటువంటి రోగికి వీలైతే స్టెరాయిడ్ లేని కలయిక ఇవ్వాలి, తప్పనిసరైతే బెక్లోమెథసోన్ మేలు.

లామా రాసే ముందు పెద్దవయసు మగవారిని మూత్రం ధార గురించి అడగాలి. ప్రొస్టేట్ పెరిగినవారికి మూత్రం పూర్తిగా ఆగిపోవచ్చు. మూత్రపిండాలు బాగా దెబ్బతిన్నవారిలో టయోట్రోపియం, గ్లైకోపైరోనియం బయటకు వెళ్లడం ఆలస్యమవుతుంది కనుక లాభం, నష్టం తూచి రాయాలి. సన్నని కోణం గ్లకోమా ఉన్నవారికి నెబులైజర్ మాస్కు నుంచి ఇప్రాట్రోపియం ఆవిరి కళ్లలోకి వెళ్లకుండా మౌత్‌పీస్ వాడించాలి. లాబా వైపు చూస్తే గుండె దడ, వణుకు, పొటాషియం తగ్గడం ముఖ్యం. ఫ్యూరొసెమైడ్, థియోఫిలిన్, స్టెరాయిడ్ బిళ్లలు కలిసి ఉన్న రోగిలో పొటాషియం పరీక్ష చేయించడం మరవకూడదు.

చీటీ మీద ఏమి రాయాలి

కంపెనీ పేరు ఒక్కటే రాసి వదలకూడదు. లోపలి మందుల పేర్లు, ఒక్కో పీల్పుకు ఎన్ని మైక్రోగ్రాములు, పరికరం పంపా, పొడి గుళికా, పొద్దున ఎన్ని, సాయంత్రం ఎన్ని, ఎన్నాళ్లకు అనేవి స్పష్టంగా రాయాలి. బుడెసోనైడ్, ఫార్మోటెరాల్ ఇన్‌హేలరే 100, 200, 400 బలాల్లో దొరుకుతుంది. అంకె లేని చీటీ చూసి దుకాణదారు తన దగ్గరున్నది ఇస్తాడు. రోజూ వాడవలసినది ఏదో, ఆయాసం వచ్చినప్పుడు మాత్రమే వాడవలసినది ఏదో వేరు వేరు వరుసల్లో తెలుగులో రాస్తే ఇంట్లోని పిల్లలైనా చదివి చెప్పగలరు. ఉబ్బసంలో ఒకే ఫార్మోటెరాల్, స్టెరాయిడ్ ఇన్‌హేలర్‌ను రెండు పనులకూ వాడే పద్ధతి ఉంది. దాన్ని సీఓపీడీకి తెచ్చుకోకూడదు. సీఓపీడీ రోగికి అత్యవసరానికి సాల్‌బ్యుటమాల్ లేదా లెవోసాల్‌బ్యుటమాల్ విడిగా ఉండాలి.

ధర కూడా వైద్య నిర్ణయమే. నెలకు ఎంతవుతుందో చెప్పి, అంత పెట్టుకోగలరా అని మర్యాదగా అడగాలి. మూడు మందుల ఇన్‌హేలర్ రాసి అది రెండు రోజులకు ఒకసారి వాడబడేకంటే, ప్రతి నెలా కొనగలిగే రెండు మందుల జంట క్రమంగా వాడబడడం మేలు. ప్రభుత్వ కేంద్రంలో ఏది ఉచితంగా దొరుకుతుందో ముందే తెలుసుకుని ఆ పరికరానికే నేర్పడం తెలివైన పని.

పీల్చడం మన కళ్ల ముందే జరగాలి

పొడి గుళికను నీళ్లతో మింగేవారు నిజంగానే ఉంటారు. గుళిక అంటే మింగేదేనని వారికి తెలుసు, మనం వేరుగా చెప్పలేదు. అందుకే ఖాళీ పరికరం ఒకటి బల్ల మీద ఉంచుకుని, మొదట మనం చేసి చూపించి, తర్వాత రోగి చేత చేయించాలి.

పంపు అయితే బాగా ఊపి, ఊపిరి పూర్తిగా బయటకు వదిలి, పెదవులు మూసి, పీల్చడం మొదలుపెట్టగానే నొక్కి, మూడు నుంచి ఐదు సెకన్ల పాటు నెమ్మదిగా లోతుగా పీల్చి, పది సెకన్లు లేదా ఓపినంత సేపు ఊపిరి బిగపట్టాలి. రెండో పీల్పుకు ముందు అర నిమిషం ఆగాలి. పొడి మందుకు దీనికి విరుద్ధంగా గట్టిగా, వేగంగా పీల్చాలి. పరికరంలోకి ఊపిరి ఊదకూడదు, తడికి పొడి గడ్డ కడుతుంది. కొన్ని పరికరాల్లో గుళిక తిరిగే గరగర శబ్దం వినిపించాలి. తర్వాత గుళిక తెరిచి చూస్తే పొడి మిగిలి ఉంటే మళ్లీ పీల్చాలి. గట్టిగా పీల్చే బలం లేని ముసలివారికి, తీవ్రమైన జబ్బు ఉన్నవారికి పొడి మందు రాసి లాభం లేదు. పంపు, దానికి తగిలించే స్పేసర్ అనే డబ్బా కలిపి ఇవ్వాలి. స్పేసర్‌లోకి ఒక్కసారికి ఒక్క పీల్పే నొక్కాలి. దాన్ని సబ్బు నీళ్లలో కడిగి గుడ్డతో తుడవకుండా ఆరబెట్టాలి. తుడిస్తే పుట్టే విద్యుదావేశానికి మందు గోడలకే అతుక్కుంటుంది.

స్టెరాయిడ్ ఉన్న ఏ ఇన్‌హేలర్ తర్వాతైనా నోరు పుక్కిలించి ఉమ్మేయాలి. పళ్లు తోముకునే ముందు మందు పీల్చమంటే ఈ పని దానంతటదే జరిగిపోతుంది, గుర్తు పెట్టుకోవలసిన భారం ఉండదు.

"ఇది అలవాటైపోతుందా డాక్టరుగారూ?" అనే ప్రశ్న దాదాపు ప్రతి కుటుంబం నుంచీ వస్తుంది. దాన్ని తోసిపుచ్చకూడదు. కళ్లద్దాలు అలవాటైనట్టే ఇదీనని, ఆపితే మత్తు మందులా శరీరం అల్లాడదని, జబ్బు ఉన్నంత కాలం అవసరం ఉంటుందని చెబితే అర్థం చేసుకుంటారు.

మళ్లీ వచ్చినప్పుడు

ఒకటి నుంచి మూడు నెలల్లో తప్పకుండా మళ్లీ చూడాలి. ఆయాసం తగ్గలేదంటే మందు పెంచే ముందు పీల్చే తీరు చూడాలి, ఖాళీ అయిన పంపులు లెక్కించాలి, ఇంట్లో పొయ్యి, చుట్ట, బీడీ సంగతి అడగాలి. నోట్లో తెల్లని పూత, గొంతు బొంగురు, చర్మం కమిలిన మచ్చలు, షుగర్ అంకెలు చూడాలి. జ్వరంతో, కొత్త తెమడతో వచ్చినవారికి దాడి అని యాంటీబయాటిక్, స్టెరాయిడ్ బిళ్లలు ఇచ్చి పంపే ముందు ఎక్స్‌రే తీయించాలి. మూడు మందుల ఇన్‌హేలర్ వాడేవారిలో అది న్యుమోనియా కావచ్చు. ఫ్లూ టీకా ఏటా, న్యుమోకాకల్ టీకా గురించి కూడా అదే రోజు మాట్లాడాలి.

లాబా, లామా వాడుతూ కూడా దాడులు వస్తుంటే ఇయోసినోఫిల్స్ 100 లేదా ఎక్కువ ఉన్నవారికి స్టెరాయిడ్ చేర్చాలి. అంతకంటే తక్కువైతే స్టెరాయిడ్ మీద ఆశ పెట్టుకోకుండా, నిపుణుల సలహాతో రోఫ్లుమిలాస్ట్ బిళ్ల, అజిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ వంటివి ఆలోచించాలి. అజిత్రోమైసిన్‌ను రోజువారీ మొదలుపెట్టే ముందు టీబీ తరహా ఇతర మైకోబాక్టీరియా లేవని తెమడలో, గుండె లయకు సంబంధించిన క్యూటీ వ్యవధి బాగుందని ఈసీజీలో చూసుకోవాలి.

ఎవరో ఎప్పుడో మొదలుపెట్టిన స్టెరాయిడ్‌ను తీసేయవలసిన సందర్భాలు మన ఓపీల్లో చాలా వస్తాయి. న్యుమోనియా వచ్చిన రోగి, టీబీ చరిత్ర ఉన్న రోగి, ఉబ్బసం లక్షణాలు లేక, దాడులు లేక ఏళ్లుగా స్టెరాయిడ్, లాబా వాడుతున్న రోగి ఈ కోవలోకి వస్తారు. ఇయోసినోఫిల్స్ 300 కంటే తక్కువ ఉంటే స్టెరాయిడ్ తీసి లాబా, లామా జంటకు మార్చడం సాధారణంగా సురక్షితమే. 2018 నాటి సన్‌సెట్ అధ్యయనంలో ఆపిన తర్వాత దాడులు పెరిగినది ప్రధానంగా 300, ఆపైన ఉన్నవారిలోనే. ఆపే ముందు రోగి నోటి ద్వారా కూడా స్టెరాయిడ్ బిళ్లలు వాడుతున్నారేమో, ఊళ్లో నెలనెలా ఇంజెక్షన్ వేయించుకుంటున్నారేమో కనుక్కోవాలి. అటువంటివారిలో అడ్రినల్ గ్రంథి నిద్రలో ఉండవచ్చు, అకస్మాత్తుగా ఆపితే కళ్లు తిరగడం, వాంతులు, బీపీ పడిపోవడం వరకు వస్తుంది కనుక పెద్దాసుపత్రి సలహాతో మెల్లగా తగ్గించాలి. మిగతావారిని మార్చిన నెలకు ఒకసారి, మూడు నెలలకు మరోసారి చూసి, పిల్లికూతలు తిరిగి మొదలైనా, దాడి వచ్చినా స్టెరాయిడ్‌ను మళ్లీ చేర్చాలి, దాని కారణాన్ని ఈసారి చీటీ మీద రాసి ఉంచాలి.